ఇంటి విమానానికి కారు ఇంజను

విమానం గూర్చి ఆలోచించునప్పుడు సాధారణంగా మొదట రెక్కలు గుర్తుకు వస్తవి. కాని ఇంటివద్ద స్వంతంగా విమానం కట్టుకొనదలచిన వానిని మొదటినుండి వేధించిన ప్రశ్న రెక్కలను గూర్చినది కాదు. కర్ర, గుడ్డ, జిగురు దొరికితే ఓపిక గల వడ్రంగి రెక్కలను చేయగలడు. ఇంజనును మాత్రం వడ్రంగి చేయలేడు. దానిని ఎక్కడినుండియో తెచ్చుకొనవలె. ఏ ఇంజనును తేవలెననునదే అసలు సమస్య.

ఈ సమస్య విమానమంత పాతది. 1902 చివర రైట్ సోదరులు అమెరికాలోని పలువురు ఇంజను తయారీదారులకు ఉత్తరాలు వ్రాసినారు. వారు కోరినది సుమారు 8 అశ్వశక్తి నిచ్చునట్టిది, 90 కిలోలకు మించనట్టిది అయిన ఇంజను. ఎవరివద్దను అట్టిది లేకపోయెను. తుదకు వారి సైకిలు దుకాణంలోని యంత్రకారుడు చార్లెస్ టేలర్ ఆరు వారాలలో 12 అశ్వశక్తి ఇంజనును తయారుచేసి ఇచ్చినాడు. 1903 డిసెంబరు 17న విమానాన్ని లేపినది ఆ ఇంజనే. నిమిషానికి సుమారు 1,000 భ్రమణాలు చేయు ఆ ఇంజనునుండి శక్తిని సైకిలు గొలుసుల వంటి గొలుసుల ద్వారా రెండు పెద్ద ప్రొపెల్లరులకు అందించినారు. ప్రొపెల్లరులు తిరిగినది నిమిషానికి సుమారు 350 సార్లు మాత్రమే. ఇంజను వేగంగా తిరుగుచుండగా ప్రొపెల్లరును అంత నెమ్మదిగా ఎందుకు త్రిప్పవలసివచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసినవానికి ఇంటి విమానానికి ఇంజనును ఎన్నుకొను విధానం సగం తెలిసినట్లే.

మిగిలిన సగాన్ని పావు శతాబ్ది తరువాత అమెరికాలోని ఒక చిన్న పల్లెటూరి మెకానిక్కు లోకానికి చూపినాడు.

చెర్రీ గ్రోవ్ మెకానిక్కు

మిన్నెసోటా రాష్ట్రంలో చెర్రీ గ్రోవ్ అను పల్లె కలదు. బెర్నార్డ్ పీటెన్‌పాల్ (1901–1984) అక్కడ మోటారు వాహనాలను మరమ్మతు చేసి జీవించేవాడు. అతడు కళాశాలలో ఇంజనీరింగు చదివినవాడు కాడు. చేతిపనివలన, పరిశీలనవలన నేర్చుకొన్నవాడు. తన ఊరివంటి ఊళ్లలోని సామాన్యులు తామే కట్టుకొని, తామే నడుపుకొని, తామే బాగుచేసుకొనగల విమానాన్ని తయారుచేయవలెనని అతని కోరిక.

1920లలో అట్టివానికి అందుబాటులో ఉన్న ఇంజనులు మూడు రకాలు. మొదటిది, 1918లో ముగిసిన మొదటి ప్రపంచయుద్ధం మిగిల్చిపోయిన సైనిక ఇంజనులు. వీటిలో కర్టిస్ ఓఎక్స్-5 ప్రసిద్ధమైనది. యుద్ధానంతరం ఇది చవుకగా దొరికేది. కాని 90 అశ్వశక్తి నిచ్చు ఈ ఎనిమిది సిలిండర్ల ఇంజను బరువు సుమారు 177 కిలోలు. ఇద్దరు కూర్చొను చిన్న విమానానికి అది ఏనుగు భారం. రెండవది, మోటారుసైకిలు ఇంజను. చికాగోలో ఎడ్వర్డ్ హీత్ 1926లో హెండర్‌సన్ మోటారుసైకిలు ఇంజనుతో ‘హీత్ పారసోల్’ అను విమానాన్ని ఎగురవేసినాడు. అది తేలికైనదే, కాని దాని శక్తి ఒక్క మనిషికే చాలేది. మూడవది, అప్పుడే విమానాల కొరకు తయారగుచున్న క్రొత్త ఇంజను. అది మంచిదే కాని దాని ధర పల్లెటూరివాని ఊహకు కూడ అందనిది.

పీటెన్‌పాల్ తొలి ప్రయత్నాలలో ఫోర్డ్ మోడల్ టి కారు ఇంజనును వాడి చూచినాడు. దాని శక్తి 20 అశ్వశక్తి మాత్రమే. తరువాత 1928లో ‘ఎయిర్ కాంపర్’ తొలి రూపాన్ని మరియొక నాలుగు సిలిండర్ల ఇంజనుతో ఎగురవేసినాడు. అప్పటికి ఫోర్డ్ కంపెనీ మోడల్ ఎ అను క్రొత్త కారును విడుదల చేసియున్నది. 1929లో పీటెన్‌పాల్ ఆ కారు ఇంజనును తన విమానానికి బిగించినాడు. విమానం ఎగిరినది. ఇద్దరిని మోసికొని ఎగిరినది.

నెమ్మదితనమే సుగుణమైన చోటు

ఫోర్డ్ మోడల్ ఎ ఇంజనును అంకెలలో చూచినప్పుడు అది గొప్పదిగా కనబడదు. నాలుగు సిలిండర్లు. మొత్తం ఘనపరిమాణం 3.3 లీటర్లు. నిమిషానికి 2,200 భ్రమణాలవద్ద 40 అశ్వశక్తి. ఇనుముతో పోతపోసిన బరువైన దిమ్మ. రేడియేటరు, నీరు కలిపితే 110 కిలోలు దాటుతుంది. అయినను ఇందులో ఒక సుగుణం దాగియున్నది. అది నెమ్మదిగా తిరుగుచు బలంగా లాగే ఇంజను.

ప్రొపెల్లరు చేయు పని గాలిని వెనుకకు నెట్టుట. గాలిని వెనుకకు నెట్టినందువలన విమానం ముందుకు పోతుంది. ఇది న్యూటన్ మూడవ సూత్రం. ఎంత త్రోపు లభించునది సెకనుకు గాలికి ఇచ్చిన ద్రవ్యవేగంపై ఆధారపడియుండును. సెకనుకు 10 కిలోల గాలికి 10 మీటర్ల వేగం ఇచ్చినను, 20 కిలోల గాలికి 5 మీటర్ల వేగం ఇచ్చినను ద్రవ్యవేగం ఒక్కటే, అనగా 100. కాబట్టి త్రోపు కూడ ఒక్కటే. కాని ఖర్చయిన శక్తిని లెక్కించి చూడవలె. గతిశక్తి ద్రవ్యరాశిలో సగాన్ని వేగం యొక్క వర్గంతో గుణించగా వచ్చును. మొదటి సందర్భంలో అది 500 జౌళ్లు, రెండవదానిలో 250 జౌళ్లు. అంటే కొద్ది గాలిని వేగంగా నెట్టుటకంటె ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టినచో సగం శక్తితోనే అదే త్రోపు వచ్చినది.

ఎక్కువ గాలిని పట్టుకొనవలెనన్నచో ప్రొపెల్లరు పొడవుగా ఉండవలె. పొడవైన ప్రొపెల్లరును వేగంగా త్రిప్పరాదు. దాని కొనల వేగం శబ్దవేగాన్ని, అనగా సెకనుకు సుమారు 340 మీటర్లను, సమీపించినప్పుడు చప్పుడు పెరుగును, శక్తి వృథా అగును. ఒక ఉదాహరణ చూడవచ్చును. 1.93 మీటర్ల, అనగా 76 అంగుళాల ప్రొపెల్లరు ఒకసారి తిరిగినప్పుడు దాని కొన సుమారు 6 మీటర్లు ప్రయాణం చేయును. నిమిషానికి 1,600 భ్రమణాలైనచో కొన వేగం సెకనుకు సుమారు 162 మీటర్లు. ఇది శబ్దవేగంలో సగంకంటె తక్కువ. అదే ప్రొపెల్లరును నిమిషానికి 5,000 సార్లు త్రిప్పినచో కొన వేగం 500 మీటర్లు దాటును. అది పనికిరాదు.

రైట్ సోదరులు గొలుసులతో వేగాన్ని తగ్గించిన కారణం ఇదే. ఫోర్డ్ మోడల్ ఎ ఇంజనుకు గొలుసులుగాని పండ్లచక్రాలుగాని అక్కరలేకపోయినవి. నిమిషానికి 1,600 భ్రమణాల ప్రాంతంలోనే అది బాగుగా లాగును. కనుక పొడవైన కర్ర ప్రొపెల్లరును సూటిగా దానికే బిగించవచ్చును. ఆ వేగంవద్ద పూర్తి 40 అశ్వశక్తి లభించని మాట నిజమే. అయితే లభించినంత శక్తిని పెద్ద ప్రొపెల్లరు చక్కగా వినియోగించుకొనును. ఎయిర్ కాంపర్ వంటి నెమ్మదైన విమానానికి, సుమారు 29 అడుగుల రెక్కను నెత్తిమీద గొడుగువలె ధరించి గాలికి ఎదురు నిలుచు విమానానికి, కావలసినది ఇదే.

కారునుండి విమానానికి

ఇంజను తగినదే అయినంత మాత్రాన కారులోనుండి తీసి విమానానికి తగిలించుట చాలదు. కారులో ఇంజను చేయు పనికి, విమానంలో చేయు పనికి భేదం ఉన్నది. పీటెన్‌పాల్ చేసిన మార్పులు ఈ భేదాన్ని తెలుపును.

మొదటి మార్పు ఇంజనును వెనుకముందులుగా త్రిప్పి అమర్చుట. కారులో వెనుకవైపున, క్లచ్చి దగ్గర, ఫ్లైవీలు ఉండును. పీటెన్‌పాల్ ఫ్లైవీలును తీసివేసి ఆ చివరను ముందుకు త్రిప్పి ప్రొపెల్లరును అక్కడ బిగించినాడు. దీనికి కారణం ఉన్నది. కారులో క్రాంక్‌షాఫ్టు త్రిప్పుటే గాని లాగుట యుండదు. విమానంలో ప్రొపెల్లరు షాఫ్టును ముందుకు లాగుచుండును. ఫోర్డ్ ఇంజనులో షాఫ్టు ముందువెనుకలకు జరుగకుండ పట్టియుంచు బేరింగు ఫ్లైవీలు వైపునే ఉన్నది. అది మిగిలిన వాటికంటె పొడవైనది కూడ. బలమున్న చోటనే బరువు పెట్టవలెనను సామాన్య జ్ఞానం ఇక్కడ పనిచేసినది.

రెండవది మంట రగిలించు పద్ధతి. కారులో బ్యాటరీనుండి విద్యుత్తు వచ్చును. విమానంలో బ్యాటరీ బరువు, దానిపై ఆధారపడుట ప్రమాదం. అందుచేత మాగ్నెటోను అమర్చినాడు. ఇది ఇంజను తిరుగుచున్నంతకాలం తన విద్యుత్తును తానే పుట్టించుకొనును.

మూడవది నూనె. రోడ్డుమీద కారు ఎప్పుడో తప్ప పూర్తి బలంతో పోదు. విమానం నేలనుండి లేచి ఎక్కుచున్నంతసేపు ఇంజను పూర్తి బలంతో పనిచేయవలె. ముక్కు ఎత్తి ఎక్కునప్పుడు నూనె వెనుకకు జారును. అందుచేత ప్రొపెల్లరు వైపు బేరింగులకు నూనె తప్పక అందునట్లు ఏర్పాటు చేయవలసి వచ్చినది.

నాలుగవది రేడియేటరు. దీనిని ఇంజను పైన, రెక్కకు ముందు నిలువుగా నిలిపినాడు. ఎయిర్ కాంపరును దూరంనుండియే గుర్తుపట్టుటకు ఈ రేడియేటరే ఆనవాలు. అది విమానం నడుపువాని చూపుకు అడ్డు వచ్చును, గాలికి ఎదురు నిలుచును. అయినను నీటి చల్లదనం లేనిదే ఆ ఇంజను పనిచేయదు. ఒక ఇంజనును ఎన్నుకొన్నవాడు దాని లోపాలను కూడ ఎన్నుకొన్నట్లే.

పత్రికలో పుట్టిన పంతం

ఆ రోజులలో మిన్నెసోటానుండి వెలువడుచుండిన ‘మోడర్న్ మెకానిక్స్’ అను పత్రిక చేతిపనులయందు ఆసక్తి గలవారికి ప్రీతిపాత్రమైనది. దాని సంపాదకుడు వెస్టన్ ఫార్మర్. కారు ఇంజనులు విమానాలకు పనికిరావని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయం పత్రికలో వచ్చినది. అది నిరాధారమైనది కాదు. అంతకుముందు కారు ఇంజనులతో ప్రయత్నించి విఫలులైనవారు పెక్కుమంది ఉన్నారు.

పీటెన్‌పాల్ వాదానికి దిగలేదు. 1930లో అతడును అతని మిత్రుడును ఫోర్డ్ ఇంజనులు గల రెండు ఎయిర్ కాంపరులను ఎగురవేసికొని మినియాపొలిస్ పట్టణప్రాంతానికి వెళ్లి సంపాదకునికి ప్రత్యక్షంగా చూపినారు. ఒకటి ఎగిరినచో అదృష్టమనవచ్చును. రెండు కలిసి పల్లెనుండి పట్టణానికి ఎగిరి వచ్చినప్పుడు ఆ మాట చెల్లదు. శాస్త్రంలో సాక్ష్యాన్ని చూచి అభిప్రాయాన్ని మార్చుకొనుట గౌరవప్రదమైన పని. ఫార్మర్ ఆ పని చేసినాడు. ఇంజనును మార్చు విధానం పత్రికలో వెలువడినది. విమానపు నక్షాలు అదే సంస్థవారి ‘ఫ్లయింగ్ అండ్ గ్లైడర్ మాన్యుయల్’లో 1932 ప్రాంతంలో అచ్చయినవి.

ఆ కాలం అమెరికాలో ఆర్థికమాంద్యం నెలకొన్న కాలం. ఎందరో కొట్లలో, పశువుల పాకలలో కూర్చుండి ఆ నక్షాలను చూచి విమానాలు కట్టినారు. మోడల్ ఎ ఇంజను కూడ కొనలేని వారున్నారు. మోడల్ టి కార్లు కోటిన్నర తయారైనవి గనుక వాటి పాత ఇంజనులు మిక్కిలి చవుకగా దొరికేవి. అట్టివారి కొరకు పీటెన్‌పాల్ ‘స్కై స్కౌట్’ అను ఒంటరి విమానాన్ని రూపొందించినాడు. ఇంజను బలం తగ్గినందున మనుష్యుల సంఖ్యను రెండునుండి ఒకటికి తగ్గించినాడు. విమానానికి తగిన ఇంజనును వెదకుట ఒక పద్ధతి. దొరికిన ఇంజనుకు తగిన విమానాన్ని గీయుట మరియొక పద్ధతి. అతనికి రెండును తెలియును.

తేలిక ఇంజను తెచ్చిన చిక్కు

1930ల చివర అమెరికాలో కాంటినెంటల్ ఎ-65 అను విమాన ఇంజను వచ్చినది. నాలుగు సిలిండర్లు రెండు ప్రక్కలకు పరుండియుండును. గాలియే వాటిని చల్లబరచును. ఘనపరిమాణం 2.8 లీటర్లు, ఫోర్డ్ ఇంజనుకంటె తక్కువ. బరువు సుమారు 77 కిలోలు. అయినను నిమిషానికి 2,300 భ్రమణాలవద్ద 65 అశ్వశక్తి నిచ్చును. రెండు మాగ్నెటోలు, సిలిండరుకు రెండేసి స్పార్కు ప్లగ్గులు. ఒకటి చెడినను రెండవది పనిచేయును. తరువాతి దశాబ్దాలలో ఎయిర్ కాంపరులు కట్టినవారిలో చాలమంది ఈ ఇంజనును ఎన్నుకొన్నారు.

బరువు తగ్గుట లాభమే గదా అనిపించును. కాని విమానం ఒక తక్కెడ వంటిది. దాని గురుత్వకేంద్రం రెక్క క్రింద నిర్ణీతమైన చోటులో ఉండవలె. ఇంజను ముక్కువద్ద వ్రేలాడు పెద్ద తూనికరాయి. ఉదాహరణకు ఒక ఇంజను 110 కిలోలు, అది గురుత్వకేంద్రానికి 1 మీటరు ముందు ఉన్నదనుకొందము. దాని భ్రామకం 110. దాని స్థానంలో 77 కిలోల ఇంజనును పెట్టి అదే భ్రామకం కావలెనన్నచో దూరం సుమారు 1.43 మీటర్లు కావలె. అంటే ముక్కును 43 సెంటీమీటర్లు పొడిగించవలె. అట్లు చేయనిచో తోక బరువైపోవును. తోక బరువైన విమానం ముక్కు ఎత్తుకొని వేగం కోల్పోయినప్పుడు దానిని తిరిగి సరిచేయుట కష్టం. ప్రాణాపాయం కూడ. అందుచేత తేలిక ఇంజనులు పెట్టినవారు ఇంజను పట్టీలనో, ముక్కునో పొడిగించినారు. కొందరు రెక్కను నిలుపు కడ్డీలను వెనుకకు వాల్చి రెక్కనే కొన్ని అంగుళాలు వెనుకకు జరిపినారు. ఒక్క ఇంజను మారినచో విమానమంతటిని మరల తూచి చూడవలె.

పీటెన్‌పాల్ కూడ ఫోర్డ్ ఇంజనువద్దనే ఆగిపోలేదు. షెవ్రొలె కంపెనీ 1960 నమూనాగా కార్వెయిర్ కారును తెచ్చినది. దాని ఇంజనులో ఆరు సిలిండర్లు ప్రక్కలకు పరుండియుండును. గాలితోనే చల్లబడును. రేడియేటరు లేదు, నీరు లేదు. పీటెన్‌పాల్ 1960లోనే దానిని తన విమానానికి అమర్చి ఎగిరినాడు. తరువాత ఎంతోమంది ఆ దారిని పోయినారు. అయితే పెక్కు సంవత్సరాల వాడుక తరువాత ఒక పాఠం బయటపడినది. కొన్ని వేగవంతమైన విమానాలలో కార్వెయిర్ క్రాంక్‌షాఫ్టులకు పగుళ్లు కనబడినవి. తిరుగుచున్న ప్రొపెల్లరు బొంగరం వంటిది. విమానం దిశ మార్చినప్పుడు అది ఎదురు తిరిగి షాఫ్టును వంచజూచును. కారులో ఆ షాఫ్టుకు అట్టి వంపు ఎన్నడును తగులలేదు. నిర్మాతలు షాఫ్టు ఉపరితలాన్ని గట్టిపరచి, ప్రొపెల్లరు దగ్గర అదనంగా ఐదవ బేరింగును చేర్చి ఈ లోపాన్ని సవరించుకొన్నారు. అంతకు ఎంతో పూర్వం పీటెన్‌పాల్ ఫోర్డ్ షాఫ్టులో గమనించిన ప్రశ్నయే మరియొక రూపంలో మరల తలయెత్తినది.

ఫోక్స్‌వాగన్ కారు ఇంజను కథ వేరు. ఇది చిన్నది, తేలిక, చవుక. చిన్న రెక్కల నున్నని ఒంటరి విమానాలకు మిక్కిలి తగినది. కాని అది తన బలాన్ని నిమిషానికి 3,000 భ్రమణాలు దాటిన తరువాతనే చూపును. అంత వేగంలో పొడవైన ప్రొపెల్లరు పనికిరాదు. పొట్టిది పెట్టవలె. పొట్టి ప్రొపెల్లరు కొద్ది గాలిని వేగంగా నెట్టును. అందుచేత, కాగితంమీద అశ్వశక్తి సమానమైనను, గొడుగు రెక్కల నెమ్మది విమానాన్ని లాగుటలో అది ఫోర్డ్ ఇంజనుకు వెనుకబడును. అశ్వశక్తి అంకెను మాత్రమే చూచి ఇంజనును కొన్నవాడు ఇక్కడనే మోసపోవును.

ఇంజను ఆగినచో

ఏ ఇంజను అయినను ఎప్పుడో ఒకప్పుడు ఆగవచ్చును. రెండు మాగ్నెటోలు గల విమాన ఇంజనుకంటె ఒకే మాగ్నెటో గల కారు ఇంజను ఆగుటకు అవకాశం ఎక్కువ. ఈ సత్యాన్ని దాచుటవలన ప్రయోజనం లేదు. ఎయిర్ కాంపరుకు రక్షణ దాని ఇంజనులో కంటె దాని రెక్కలో ఎక్కువ ఉన్నది. నిండుబరువు సుమారు 450 కిలోలను 13 చదరపు మీటర్ల రెక్క మోయును. చదరపు మీటరుకు సుమారు 35 కిలోలు మాత్రమే. అందుచేత గంటకు 60 కిలోమీటర్ల ప్రాంతంలోనే నేలకు దిగగలదు. గంటకు 120 కిలోమీటర్లతో దిగు విమానంతో పోల్చినచో, సమానమైన బరువుకు గతిశక్తి నాలుగవ వంతు మాత్రమే. ఇంజను ఆగినను ఒక పచ్చికబయలు దొరికినచో నడుపువాడు నడచి ఇంటికి పోగలడు. నమ్మకం తక్కువైన ఇంజనును బరువైన, వేగమైన విమానానికి అమర్చినచో ఈ మాట చెప్పలేము.

నేడు పాతకాలపు రూపంలో విమానం కట్టుకొనువాని ముందు ఇంకను ఎక్కువ ఇంజనులు ఉన్నవి. మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానాలకు నకళ్లు కట్టువారి కొరకు నక్షత్రాకారంలో సిలిండర్లు గల క్రొత్త చిన్న ఇంజనులు కూడ ఈ శతాబ్దంలో వచ్చినవి. అయినను ఫోర్డ్ మోడల్ ఎ ఇంజనుతో ఎయిర్ కాంపరును ఎగురవేయువారు ఇప్పటికిని ఉన్నారు. అమెరికాలోని బ్రాడ్‌హెడ్ అను చిన్న ఊరిలో పీటెన్‌పాల్ విమానాలవారు ఏటేట కూడుట ఆచారమైనది. చెర్రీ గ్రోవులోని అతని పనిశాల ఆ దేశపు చారిత్రక స్థలాల జాతీయ పట్టికలో చేరినది.

ఉత్తమమైన ఇంజను ఏది అను ప్రశ్నకు సమాధానం లేదు. ఏ విమానానికి, ఎంత వేగానికి, ఏ ప్రొపెల్లరుకు, ఎవరి చేతికి అని అడిగినప్పుడే సమాధానం వచ్చును. కారులో సామాన్యమనిపించుకొన్న ఇంజను గొడుగు రెక్కల విమానంలో రాణించుటకు కారణం, అది గొప్పదగుట కాదు, తగినదగుట. చెర్రీ గ్రోవ్ మెకానిక్కు తన ఊరిలో ఏమి దొరుకునో, తన చేతికి ఏది లొంగునో, తన రెక్క ఏమి కోరునో మూడింటిని కలిపి చూచినాడు. ఆ మూడును కలిసిన చోట అతనికి ఒక కారు ఇంజను కనబడినది.